చెత్తతో పాటు పోయిన ఉత్తరం: నరసాపురం లేసు కార్యాలయంలో ఒక స్పామ్ కేసు

2023 నవంబరు 3, శుక్రవారం సాయంత్రం నరసాపురం నుంచి ఒక పెద్దాయన ఫోను చేశారు. ఆయనది లేసు ఎగుమతి వ్యాపారం, తండ్రిగారి కాలం నుంచి నడుస్తున్నది. యూరప్‌లోని పాత ఖాతాదారు ఒకరికి పంపవలసిన 380 డాయిలీలను (బల్లల మీద పరిచే చిన్న లేసు అల్లికలను) ఉతికించి, ఇస్త్రీ చేయించి, అట్టపెట్టెల్లో సర్దించాక, అలవాటు ప్రకారం వాట్సాప్‌లో ఫొటోలు పంపారు. గంటలోపే అవతలి నుంచి జవాబు వచ్చింది. ఈసారి తెల్ల దారం వద్దు, కోరా రంగు దారంతో అల్లించండి అని సెప్టెంబరు 12న మెయిల్ రాశాం కదా, అక్టోబరులో మళ్లీ గుర్తు చేశాం కదా అన్నది దాని సారాంశం. నరసాపురంలో ఆ రెండు మెయిళ్లనూ ఎవరూ చూడలేదు. "రాలేదంటే నమ్మరు బాబూ, పంపినట్టు వాళ్ల దగ్గర ఉంది. అదెక్కడికి పోయిందో నువ్వొచ్చి చూడాలి" అన్నారు పెద్దాయన.

నేను భీమవరంలో ఉంటాను. చుట్టుపక్కల రైసు మిల్లులకు, రొయ్యల హేచరీలకు, ఐసు ఫ్యాక్టరీలకు, ఒకటి రెండు కాలేజీలకు మెయిల్ సర్వర్లు, నెట్‌వర్కులు చూసిపెట్టడం నా పని. స్పామ్, అంటే అడగకుండా వచ్చిపడే చెత్త మెయిళ్ల గురించి నాకు వచ్చే ఫిర్యాదులన్నీ దాదాపు ఒకే రకంగా ఉంటాయి: చెత్త ఎక్కువైపోయింది, తుడవలేక చస్తున్నాం, ఆపే మార్గం చెప్పండి అని. ఈ కేసు వచ్చేవరకు నేను కూడా దాన్ని తుడిచే శ్రమగానే లెక్కగట్టేవాణ్ణి. ఈ కేసు తర్వాత నా లెక్క మారింది. స్పామ్ వల్ల వచ్చే అసలు నష్టం తుడిచిన వెయ్యి చెత్త మెయిళ్లలో లేదు, వాటితో పాటు తెలియకుండా పోయిన ఒక మంచి ఉత్తరంలో ఉంది. అది ఎలా పోయిందో, దాన్ని ఆపడానికి ఏం చేశామో, అందులో నేను ఎక్కడ తప్పు చేశానో వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే ఇదే అమరిక డెల్టాలో నేను చూసిన చిన్న కార్యాలయాల్లో సగానికి పైగా ఉంది.

మొదటి రోజు

నవంబరు 6, సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు నేను కార్యాలయానికి చేరేసరికి మెయిల్ చూసే ఉద్యోగిని అప్పుడే కంప్యూటరు తెరుస్తున్నారు. పద్దెనిమిదేళ్లుగా అక్కడే పనిచేస్తున్నారు ఆవిడ. దారం లెక్క, పీసుల లెక్క, కూలి చెల్లింపులు, బ్యాంకు కాగితాలు, మెయిల్, అన్నీ ఆవిడ చేతి మీదుగానే నడుస్తాయి. శనివారం సాయంత్రం నుంచి ఇన్‌బాక్సులో 231 మెయిళ్లు చేరి ఉన్నాయి. రోజూ ఎలా చేస్తారో అలాగే చేయమనీ నేను పక్కన కూర్చుని చూస్తాననీ చెప్పాను.

పేజీకి 50 మెయిళ్లు కనిపిస్తున్నాయి. ఆవిడ ముందుగా పైన ఉన్న గడిలో టిక్కు పెట్టారు, ఒక్కసారిగా 50కీ టిక్కులు పడ్డాయి. తర్వాత మౌసును కిందికి జరుపుకుంటూ, తెలిసిన పేరు కనిపించిన చోట టిక్కు తీసేస్తూ వచ్చారు. కస్టమ్స్ ఏజెంటు, బ్యాంకు, దారం సరఫరా చేసే కంపెనీ, ఇద్దరు పాత ఖాతాదారులు. మిగిలినవన్నీ టిక్కుతోనే ఉండగా, పైన ఉన్న 'స్పామ్‌గా రిపోర్టు' బొత్తాం నొక్కారు. పేజీ ఖాళీ అయింది, తర్వాతి 50 వచ్చాయి. ఒక్కో పేజీకి నిమిషం కూడా పట్టలేదు. ఐదు పేజీలూ అయ్యాక 231లో 11 మిగిలాయి. ఆవిడ నా వైపు తిరిగి, "ఇలా చేయకపోతే పదకొండయినా పని మొదలవదండి" అన్నారు.

నేను స్పామ్ ఫోల్డరు తెరిచి ఆ ఖాతాదారు సంస్థ పేరుతో వెతికాను. సెప్టెంబరు 12 నాటి ఉత్తరం దొరకలేదు. ఆ మెయిల్ సేవలో స్పామ్‌లో పడినది 30 రోజుల తర్వాత దానంతటదే చెరిగిపోతుంది, అప్పటికి ఆ గడువు దాటి చాలా రోజులయింది. అక్టోబరు 19 నాటి రెండో ఉత్తరం మాత్రం ఉంది. దాన్ని తెరవగానే పైన ఒక పసుపు పట్టీ కనిపించింది. ఈ పంపినవారి మెయిళ్లను మీరు ఇంతకుముందు స్పామ్‌గా గుర్తించారు కాబట్టి దీన్ని ఇక్కడ వేశాం అన్నది అందులోని సమాచారం. అంటే మొదటి ఉత్తరం ఇన్‌బాక్సులోకి సవ్యంగానే వచ్చింది. ఇక్కడి చెయ్యే దాన్ని స్పామ్ అని చెప్పింది. ఆ మాట నమ్మిన ఫిల్టరు రెండోదాన్ని ఇన్‌బాక్సు దాకా రానివ్వలేదు.

కారణం కూడా తేలిగ్గానే దొరికింది. ఆ సంస్థలో పన్నెండేళ్లుగా ఆర్డర్లు చూసిన ఉద్యోగిని ఆగస్టులో పదవీ విరమణ చేశారు, ఆమె స్థానంలో కొత్తవారు వచ్చారు. కొత్త పేరు, కొత్త చిరునామా, సబ్జెక్టులో 'చిన్న మార్పు' అనే అర్థం వచ్చే రెండు ఇంగ్లీషు మాటలు. తెలిసిన పేర్ల పక్కన మాత్రమే టిక్కు తీసే పద్ధతిలో ఇలాంటి ఉత్తరం ప్రతిసారీ పోతుంది, ఒక్కసారి కూడా బతకదు.

సంగతి తెలిసి పెద్దాయన ఆవిడ మీద కోప్పడబోయారు. నేను అడ్డుపడ్డాను. రోజుకు వంద చెత్త మెయిళ్లను ఒక మనిషి ఒక్కొక్కటే తెరిచి చదివి తీసేయాలని ఆశించడమే తప్పు, ఎవరి చెయ్యి అయినా కొన్నాళ్లకు అదే పని నేర్చుకుంటుంది. పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, చుట్టుపక్కల ఊళ్లలో ఇళ్ల దగ్గర కూర్చుని అల్లిన ఆడవాళ్లకు అప్పటికే పీసు కూలి మొత్తం ఇచ్చేశామనీ అందులో ఒక్క రూపాయి కూడా వెనక్కి అడిగేది లేదనీ చెప్పారు. కోరా రంగు దారంతో మళ్లీ 380 అల్లించి, ఏడు వారాలు ఆలస్యంగా పంపారు. తెల్లవాటిలో 150 తర్వాతి సీజనులో అదే ఖాతాదారు తగ్గింపు ధరకు తీసుకున్నారు, మిగిలినవి హైదరాబాదు దుకాణాలకు పోయాయి.

చెత్త ఏ దారిన వస్తోంది

ఆ కార్యాలయానికి సొంత డొమైన్, అంటే ఇంటర్నెట్‌లో తమ పేరుతో ఒక చిరునామా ఉంది. దాని మెయిల్‌ను వెబ్‌సైటు ఉన్న చవక సర్వరే అందుకుని, వచ్చినది వచ్చినట్టుగా ఒక ఉచిత మెయిల్ ఖాతాకు దాటిస్తుంది. ఆ ఖాతా పాస్‌వర్డు ముగ్గురికి తెలుసు. సైటు కట్టినవారు 2011లో పెట్టిన అమరిక ఇది, ఆ తర్వాత ఎవరూ ముట్టుకోలేదు.

ఒక వారం పాటు ఏ మెయిలునూ స్పామ్‌గా గుర్తించవద్దని చెప్పి, వచ్చిన చెత్త అంతటినీ హెడర్ల ఆధారంగా విడదీశాను. హెడర్ అంటే ఉత్తరం మీద పడే పోస్టాఫీసు ముద్రల లాంటిది. ఏ యంత్రం నుంచి ఏ యంత్రానికి ఎప్పుడు చేరిందో వరసగా రాసి ఉంటుంది. విడదీశాక నాలుగు దారులు తేలాయి.

వెబ్‌సైటులో చిరునామా బాహాటంగా రాసి ఉండడం మొదటిది. పేజీలు తిరిగి చిరునామాలు ఏరుకునే బాట్లకు (మనిషి లేకుండా నడిచే ప్రోగ్రాములకు) అది చాలు. ఇది ఊహించినదే. రెండోది క్యాచ్-ఆల్ అనే అమరిక. డొమైను ముందు ఏ పేరు రాసినా, అలాంటి మనిషి ఉన్నా లేకపోయినా, మెయిల్ చేరిపోతుంది. సేల్స్, అడ్మిన్, జాన్, మేరీ అంటూ నిఘంటువులోని పేర్లన్నీ ప్రయత్నించే స్పామర్లకు ఇక్కడ తిరస్కారం అనేదే లేదు.

మూడోది నాకు ఎక్కువ బాధ కలిగించింది. సైటులో ఎంక్వయిరీ ఫారం ఉంది. దానికి ఏ పరీక్షా లేకపోవడంతో బాట్లు రాత్రింబవళ్లు నింపుతున్నాయి. అంతకన్నా పెద్ద లోపం, ఫారం నింపినవారి చిరునామానే పంపినవారి చిరునామాగా పెట్టి మన సర్వరు మెయిల్ తయారుచేస్తోంది. ఉదాహరణకు ఒక విదేశీ దుకాణం యజమాని తన చిరునామాతో ఫారం నింపితే, ఆయన పేరుతో మన సర్వరు ఒక ఉత్తరం పంపుతుంది. అందుకునే మెయిల్ సేవ తనిఖీ చేసి, ఈ డొమైను పేరుతో ఉత్తరం పంపే అధికారం ఈ సర్వరుకు లేదని గ్రహించి, దాన్ని దొంగ ఉత్తరంగా లెక్కగడుతుంది. అందువల్ల సొంత డొమైను ఉన్న నికరమైన వ్యాపారి ఎంక్వయిరీ స్పామ్‌లో పడుతోంది, ఏదో ఒక ఉచిత చిరునామా కల్పించి బాటు నింపినది ఒక్కోసారి ఇన్‌బాక్సుకు చేరుతోంది. ఎన్నేళ్లుగా ఎన్ని ఎంక్వయిరీలు ఇలా పోయాయో లెక్క తీసే మార్గం లేదు.

నాలుగో దారి ఎవరికీ తెలియనిది. చెత్తలో దాదాపు మూడో వంతు 'మీ ఉత్తరం చేరలేదు' అనే బౌన్సు మెయిళ్లు. వీళ్లు ఎన్నడూ రాయని ఉత్తరాలకు, ఎన్నడూ వినని మనుషుల నుంచి తిరిగి వస్తున్నవి. ఇది అర్థం కావాలంటే మెయిల్ పుట్టుక కొంత తెలియాలి. ఒక సర్వరు నుంచి మరో సర్వరుకు మెయిల్ పంపడానికి 1982లో జాన్ పోస్టెల్ రాసిన ఎస్‌ఎమ్‌టీపీ పద్ధతిలో పంపినవారి చిరునామా నిజమా కాదా అని అడిగే అంగమే లేదు. ఇన్‌లాండ్ లెటరు వెనక ఎవరి పేరయినా రాసి డబ్బాలో వేయవచ్చు కదా, అచ్చంగా అలాగే. అప్పుడు నెట్‌వర్కులో ఉన్నది ఒకరినొకరు ఎరిగిన పరిశోధకులు. అప్పటికే 1978 మే 3న డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఉద్యోగి గ్యారీ తుర్క్, ఇంటర్నెట్‌కు ముందు రూపమైన ఆర్పానెట్‌లోని సుమారు 400 మందికి ఒకేసారి కంప్యూటర్ల ప్రకటన పంపి తిట్లు తిన్నారు. అయినా పద్ధతిలో తలుపు పెట్టాలని ఎవరికీ అనిపించలేదు. ఆ ఖాళీయే ఇప్పటికీ ఉంది. నరసాపురం లేసు కార్యాలయం డొమైను పేరు పెట్టుకుని ఎక్కడెక్కడి యంత్రాలో లక్షల చెత్త పంపుతుంటే, చేరనివన్నీ తిరుగు టపాలో వీళ్లకు వస్తున్నాయి. క్యాచ్-ఆల్ వాటన్నిటికీ తలుపు తీసి ఉంచింది.

ఇదంతా విని పెద్దాయన, "గుర్రపుడెక్క లాంటిదన్నమాట. మన రేవు దగ్గర ఎంత తీసినా పైనుంచి కొట్టుకొస్తానే ఉంటది" అన్నారు. నేను ఆ తర్వాత వేరే ఊళ్లలో ఈ విషయం చెప్పవలసి వచ్చినప్పుడల్లా ఆ మాటే వాడుతున్నాను.

నేను చేసిన పొరపాటు

ముందు మెయిల్‌ను ఉచిత ఖాతాకు దాటించే ఆ అమరిక తీసేసి, డొమైనుకు నేరుగా ఒక మెయిల్ సర్వరు పెట్టాను, ముగ్గురికీ వేర్వేరు ఖాతాలు ఇచ్చాను. అలా దాటించడం వల్ల ఇంకో హాని కూడా జరుగుతోంది: చెత్తనంతా మన సర్వరే మోసుకెళ్లి అవతల ఇస్తుండడంతో, మన సర్వరే చెత్త పంపుతోందన్న పేరు పడుతుంది. క్యాచ్-ఆల్ మూసేశాను. ఫారం తన సొంత డొమైను చిరునామాతో మెయిల్ పంపేలా, నింపినవారి చిరునామా జవాబు వెళ్లవలసిన చోట మాత్రమే ఉండేలా మార్చాను. ఇక్కడివరకు బాగానే ఉంది.

ఆ తర్వాత త్వరగా ఫలితం చూపించాలన్న ఆత్రంతో నవంబరు 13న ఒక నియమం పెట్టాను. ఈ కార్యాలయం ఎన్నడూ వ్యాపారం చేయని దేశాల నుంచి వచ్చే మెయిళ్లను సర్వరు దగ్గరే తిప్పికొట్టాలన్నది ఆ నియమం. మర్నాటికి ఇన్‌బాక్సు నిశ్శబ్దమైపోయింది. ఆవిడ సంతోషించారు, పెద్దాయన నన్ను భోజనానికి ఉండమన్నారు. 22న జపాను నుంచి ఒక చిన్న దుకాణం వారు కార్యాలయానికి ఫోను చేశారు. మెయిల్ పంపితే తిరిగి వచ్చిందనీ టేబుల్ రన్నర్ల ధరలు కావాలనీ అడిగారు. సర్వరు రాసుకునే చిట్టా (లాగ్) తీసి చూస్తే నా నియమమే దాన్ని తిప్పికొట్టింది.

ఎగుమతి చేసేవారికి కొత్త దేశం నుంచి వచ్చే తెలియని మనిషే అన్నిటికన్నా విలువైన మనిషి. ఉద్యోగిని తెలిసిన పేర్లను మాత్రం ఉంచి మిగిలినవి పారేసిన పద్ధతికీ, నేను తెలిసిన దేశాలను మాత్రం ఉంచిన పద్ధతికీ తేడా లేదు. ఆవిడ చేత్తో చేసింది నేను సర్వరుతో చేశాను. ఆ రోజే నియమం తీసేశాను.

ఆ పొరపాటు నష్టం కాకుండా కాపాడినది ఒక్కటే. నేను మెయిలును లోపలికి తీసుకుని గుట్టుగా పారేయలేదు, గుమ్మం దగ్గరే 550 అనే తిరస్కార సంకేతం ఇచ్చి, కింద కార్యాలయం ఫోను నంబరు రాయించాను. అందువల్ల పంపినవారికి తమ ఉత్తరం చేరలేదని తెలిసింది. మెయిల్ నిర్వహణలో నేను చాలా గట్టిగా పట్టుబట్టే విషయం ఇదే. ఒక ఉత్తరాన్ని 'అందింది' అని ఒప్పుకున్న సర్వరు దాన్ని చేర్చాలి, లేదా చేరలేదని చెప్పాలి. ఒప్పుకుని మాయం చేయడం అన్నిటికన్నా చెడ్డది, ఎందుకంటే పంపినవారు జవాబు కోసం ఎదురుచూస్తారు, అందుకోవలసినవారు ఉత్తరం ఉందనే ఎరుగరు, మధ్యలో 380 డాయిలీలు తెల్ల దారంతో తయారవుతాయి.

200 మంచి ఉత్తరాలు

ఫిల్టరుగా స్పామ్‌అసాసిన్ పెట్టాను. అది ప్రతి ఉత్తరానికీ అనేక పరీక్షలు పెట్టి మార్కులు కూడుతుంది. మామూలుగా 5 మార్కులకు చేరితే స్పామ్ అంటుంది. అందులో నాకు ముఖ్యమైనది బేయీస్ పద్ధతి. ఈ పద్ధతికి 2002లో పాల్ గ్రాహం రాసిన వ్యాసంతో ప్రాచుర్యం వచ్చింది. ఫలానా మాట ఉంటే స్పామ్ అని బయటివాళ్లు రాసిన నియమాలకు బదులు, ఈ పెట్టెకు ఇంతవరకు వచ్చిన మంచి ఉత్తరాల్లో ఏ మాట ఎన్నిసార్లు ఉంది, చెత్తలో ఎన్నిసార్లు ఉంది అన్న లెక్కతో ఫిల్టరు తనంతట తాను సంభావ్యత కడుతుంది. గ్రాహం తన లెక్కలో మంచి ఉత్తరాల్లోని మాటలను కావాలనే రెండింతలుగా లెక్కించారు. చెత్త ఒకటి లోపలికి వస్తే చికాకు, మంచిది ఒకటి బయటకు పోతే నష్టం, రెండూ సమానం కావు అన్న ఎరుక ఆ లెక్కలోనే ఉంది.

ఈ కార్యాలయానికి ఈ పద్ధతి అచ్చంగా సరిపోతుంది. ఆర్డరు, ఇన్‌వాయిస్, పేమెంట్, అర్జెంట్ అన్న మాటలు స్పామర్లు రోజూ వాడేవి, వ్యాపారులూ రోజూ వాడేవి. వాటిని బట్టి ఏదీ తేల్చలేం. క్రోషే, డాయిలీ, ఎక్రూ (కోరా రంగు), దారం నంబరు, సెంటీమీటర్ల కొలతలు మాత్రం లేసు వ్యాపారి ఉత్తరంలో తప్ప చెత్తలో కనిపించవు. అయితే స్పామ్‌అసాసిన్ కనీసం 200 మంచి ఉత్తరాలు, 200 చెత్త ఉత్తరాలు చూపించేవరకు బేయీస్ లెక్క మొదలుపెట్టదు. చెత్తకు కొదవ లేదు. మంచివి ఏరడానికి ఉద్యోగిని నాలుగు మధ్యాహ్నాలు కూర్చున్నారు.

ఆ నాలుగు మధ్యాహ్నాలూ ఈ కేసు మొత్తంలో నాకు బాగా గుర్తున్న భాగం. 2012 నాటి నుంచి పాత మెయిళ్లు తీస్తూ, ఇది ఫలానా వారు మొదటిసారి రాసింది, ఇది అంచులో రెండు వరసలు తగ్గించమన్నది, ఇది శాంపిల్ మరక పడి వెళ్లినప్పుడు రాసింది అంటూ ఒక్కోటి నాకు చెప్పేవారు. కేవలం ఆర్డర్లే కాకుండా ఫిర్యాదులు, తిరస్కారాలు, ధర ఎక్కువన్న ఉత్తరాలు, అసలు వ్యాపారం జరగని ఎంక్వయిరీలు కూడా కలపమని నేను అడిగాను, ఎందుకంటే తెలియని మనిషి మొదటి ఉత్తరం ఎలా ఉంటుందో ఫిల్టరుకు తెలియాలి. మొత్తం 264 తేలాయి. ఫిల్టరుకు పాఠాలు చెప్పింది నేను కాదు, పద్దెనిమిదేళ్లు ఆ ఉత్తరాలు చదివిన ఆవిడ.

మన ఉత్తరం అవతల చేరడం

కార్యాలయం నుంచి నా జీమెయిల్‌కు ఒక ఉత్తరం పంపించుకుని హెడర్లు చూస్తే, ఈ డొమైనుకు గుర్తింపు రికార్డు ఒక్కటీ లేదని తేలింది. ఎస్‌పీఎఫ్ అంటే ఈ డొమైను పేరుతో మెయిల్ పంపే హక్కు ఏయే సర్వర్లకు ఉందో బహిరంగంగా ప్రకటించే జాబితా. డీకిమ్ అంటే ప్రతి ఉత్తరం మీద సర్వరు పెట్టే సంతకం. ఈ రెండింటిలో ఒక్కటి కూడా మనిషికి కనిపించే పంపినవారి డొమైనుతో సరిపోకపోతే ఆ ఉత్తరాన్ని ఏం చేయాలో అందుకునేవారికి చెప్పేది డీమార్క్. ఇవి లేకపోతే దొంగ ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ అవతలివారికి తేడా తెలియదు. జీమెయిల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ గానీ లేనివారి మెయిళ్లను అంగీకరించడంలో బిగింపు మొదలుపెట్టాయి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు మించి పంపేవారికి మూడూ తప్పనిసరి. ఈ లేసు కార్యాలయం రోజుకు ఇరవై కూడా పంపదు, అయినా ఆ గడువుకు ముందే పని పూర్తి చేశాం.

డీమార్క్‌ను 2023 డిసెంబరులో కేవలం గమనించే స్థాయిలో పెట్టాను. రోజూ పెద్ద మెయిల్ సేవల నుంచి నివేదికలు రావడం మొదలయింది. ఒకే ఒక్క సర్వరు ఉండవలసిన జాబితాలో ఎన్నో దేశాల యంత్రాలు ఈ డొమైను పేరుతో పంపుతున్నట్టు తేలింది. ఆ నివేదిక అచ్చు తీసి ఇస్తే పెద్దాయన కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశారు. "మా నాన్నగారి పేరు పెట్టుకున్న కంపెనీ ఇది" అన్నారు, అంతకు మించి మాట్లాడలేదు. ఫిబ్రవరిలో క్వారంటైన్‌కు (దొంగ ఉత్తరాలను స్పామ్‌లో వేయమనే స్థాయికి), మే నెలలో పూర్తి తిరస్కారానికి మార్చాం. మే తర్వాత బౌన్సు మెయిళ్లు వారానికి రెండో మూడో.

పెద్దాయన మధ్యలో ఒక ప్రశ్న వేశారు. ఫోనులో వచ్చే ప్రకటనలకు 1909కి చెబితే ఆగుతాయి కదా, మెయిల్‌కు అలాంటిది లేదా అని. న్యాయమైన ప్రశ్న. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో చేసిన నిబంధనలు కాల్స్‌కు, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే వర్తిస్తాయి. ఐటీ చట్టం 66ఏ సెక్షనులో చికాకు పెట్టడానికి పంపే మెయిళ్ల ప్రస్తావన ఉండేది, 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షను మొత్తాన్నే కొట్టివేసింది. ఆ సెక్షను మాటల మీద పడిన సంకెళ్ల వంటిది కాబట్టి పోవడమే మంచిది. కాకపోతే అయాచిత మెయిల్‌ను నేరుగా అడ్డుకునే చట్టం ఆ తర్వాత రాలేదు. డబ్బు పోతే సైబరు మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయవచ్చు. డబ్బు పోకుండా పొద్దున్నే గంట పోయినవారికి ఫోను చేసే నంబరు లేదు.

నాలుగు గంటల జాబితా

ఫిల్టరు ఎంత నేర్చినా తప్పు చేస్తుంది, ఆ తప్పు మనిషి కంట పడే ఏర్పాటు ఉండాలి. అందుకని అనుమానపు మెయిళ్లను పారేయకుండా విడిగా ఉంచి, రోజూ సాయంత్రం నాలుగు గంటలకు వాటి జాబితా ఒకే మెయిల్‌గా వచ్చేలా చేశాను: పంపినవారి పేరు, సబ్జెక్టు, మొదటి వరస. నలభై యాభై వరసలు, చదవడానికి ఐదు నిమిషాలు. ఉదయం కాకుండా సాయంత్రం ఎందుకంటే, పొద్దున్న పని మొదలుపెట్టాలన్న తొందరలో కన్ను జారిపోతుంది. టిక్కు పెట్టి అన్నీ ఒకేసారి ఎంచుకునే సౌకర్యం ఆ జాబితాలో లేదు, కావాలనే తీసేశాను.

ఇంకొకటి సాంకేతికం కాని ఏర్పాటు. టపా రోజుల్లో ఆ కార్యాలయంలో ఇన్‌వర్డ్ రిజిస్టరు ఉండేది. వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ తేదీ వేసి అందులో ఎక్కించేవారు. మెయిల్ వచ్చాక అది అటకెక్కింది. పెద్దాయన దాన్ని మళ్లీ దింపించారు. ఇప్పుడు ఆర్డరుకు సంబంధించిన ప్రతి మెయిల్ అందులో ఎక్కుతుంది, ఆ రోజే అందినట్టు జవాబు వెళ్తుంది. రెండు పనిదినాల్లో మా జవాబు రాకపోతే మీ ఉత్తరం అందలేదని భావించి ఫోను చేయండి అని ఖాతాదారులందరికీ రాశారు. దారం కొనేముందు రంగు, కొలత, సంఖ్య మళ్లీ ఒకసారి రాసి పంపి, అవునన్న జవాబు వచ్చాకే ఉండలు పంచుతున్నారు. 380 డాయిలీల నష్టాన్ని నిజంగా ఆపేది ఈ చివరి నియమమే అని నా అభిప్రాయం. ఫిల్టరు దానికి సాయం మాత్రమే.

2024 జూన్ 10, సోమవారం ఉదయం మళ్లీ ఆవిడ పక్కన కూర్చుని లెక్కపెట్టాను. ఇన్‌బాక్సులో 19 ఉన్నాయి, వాటిలో 13 కార్యాలయానికి సంబంధించినవి. ఫిబ్రవరి నుంచి అప్పటివరకు సాయంత్రం జాబితాలో దొరికిన మంచి ఉత్తరాలు తొమ్మిది. నాలుగు ఒకే కస్టమ్స్ ఏజెంటువి, ఆయన డొమైనుకు ఎస్‌పీఎఫ్ లేదు, ఫోను చేసి పెట్టించాను. రెండు కొత్త ఎంక్వయిరీలు, వాటిలో ఒకటి ఆర్డరు అయింది. నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చాక తెలియని చిరునామాల నుంచి అడిగేవారు పెరిగారని ఆవిడ చెప్పారు. ఆ తెలియని పేర్లను ఇప్పుడు ఒక్కొక్కటే తెరిచి చదువుతున్నారు.

ఒక్క చిరునామాను మాత్రం నేను మూయించలేకపోయాను. ఈ కార్యాలయం పాత అట్టపెట్టెల మీద అచ్చయిన చిరునామా అది. చెత్తకు అదే పెద్ద ముఖద్వారం. తీసేద్దామంటే ఆవిడ ఒప్పుకోలేదు. ఇంగ్లండులో ఒక వృద్ధ దుకాణదారు ఏడాదికి ఒకసారి, డిసెంబరులో, తన దగ్గర మిగిలిన పెట్టె మీద చూసి ఆ చిరునామాకే రాస్తారట. ఎన్నిసార్లు కొత్తది చెప్పినా అంతేనట. ఆయన వేరే ఏదీ వాడరు. దానికి వచ్చేవన్నీ విడి ఫోల్డరులో పడేలా చేసి ఉంచాం, ఆవిడ శనివారాలు చూస్తారు. 2024 డిసెంబరులో ఆ ఫోల్డరులో వెయ్యికి పైగా చేరాయి. వాటి మధ్య ఆయన ఉత్తరం ఉంది: పాత కొలతలే, తెల్ల దారమే, 60 పీసులు.